గబ్బిలం పెంటకు ఇండెంటు

పదిహేను రోజులైంది. ఆ ఎనిమిది గాబ్లిన్లూ ఇంకా నా కళ్ళ ముందే తిరుగుతున్నాయి.

న్యాయంగా అవి నావి. గుహ తలుపు తన్నింది నేను. ముందు దూకింది నేను. ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు సమ్మెటతో పడగొట్టి మూడోదాని వైపు తిరిగేసరికి వెనకనుంచి మా మేనల్లుడి గొంతు వినపడింది. "మామయ్యా, నువ్వు అలా ఉండు, కదలకు."

ఉన్నాను. నా వంతు ఎలాగూ అయిపోయింది. వాడు మూడు లూడో డబ్బాలు తిరగేసి, ఎదురింటి వాళ్ళ దగ్గర ఇంకో రెండు అడిగి తెచ్చి, మొత్తం ఎనిమిది పాచికలు పోగుచేశాడు. దోసిట్లో పోసి శివుడికి అభిషేకం చేసినట్టు బల్ల మీదికి వదిలాడు. ఒకటి దొర్లుకుంటూ పోయి మిరపకాయ బజ్జీల పళ్ళెంలో పడింది. నూనె తుడిచి చూస్తే ఆరు. మొత్తం ముప్ఫై ఒకటి. గాబ్లిన్‌కి ఉండే ప్రాణం ఏడు. పక్కకి గెంతి తప్పించుకున్నా సగం తగులుతుంది. సగమంటే పదిహేను. ఎనిమిదీ బొగ్గు.

"నీకు తగలకుండా చెక్కేశాలే మామయ్యా" అన్నాడు. చుట్టూ అంతా మంట, మధ్యలో నేను మాత్రం కందిపోకుండా, పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నానన్నమాట. చేతిలో సమ్మెట.

వానాకాలం శనివారం రాత్రి బచేలిలో చేసేందుకు పెద్దగా పనులుండవు. కొండ కనపడదు, పైనున్న ఆకాశ్‌నగర్ మబ్బులో మునిగిపోతుంది, ఖనిజం బండి కూత ఒక్కటే వినపడుతుంది. అలాంటి రాత్రుల్లో మా క్వార్టర్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. తెలియనివాళ్ళు చిన్నప్పటి చందమామ గుర్తుచేసుకుంటే చాలు. కథ చెప్పేవాడు ఒకడు, పాత్రలు మనం, తలరాత పాచికల చేతిలో. కథ నడిపేది వెనక వీధి కుర్రాడు. గనిలో డ్రిల్లు మీద పనిచేసే నా జగదల్‌పూర్ దోస్తు దొంగ వేషం వేస్తాడు. ఇంజినీరింగు పూర్తిచేసి సెలవలకు దిగిన మేనల్లుడు మాంత్రికుడు, పేరు మాయావి మార్తాండ. నేను యోధుణ్ణి, పేరు సమ్మెట సింహాచలం. ముప్ఫై ఏళ్ళుగా షావెళ్ళు బాగుచేస్తున్నవాడు ఆటలో మాత్రం ఇంకో ఆయుధం ఎందుకు పడతాడు?

మనసు ఊరుకోక ఆ నిబంధనల పుస్తకం తెరిచి మూడుసార్లు చదివాను. చదవకపోయినా బాగుండేది. యోధుడు అయిదో స్థాయికి వస్తే వంతుకి రెండో దెబ్బ కొట్టనిస్తారు. మూడో దెబ్బకి పదకొండో స్థాయి దాకా ఆగాలి. నాలుగోది ఇరవయ్యో స్థాయిలో. ఆ పైన స్థాయిలే లేవు. అంటే సర్వీసంతా లాగించి, రిటైరయ్యే రోజు సాయంత్రం శాలువా, వెండి గ్లాసుతోపాటు నాలుగో దెబ్బ చేతికిచ్చి పంపిస్తారు. మాంత్రికుడికో? అయిదో స్థాయిలోనే ఆ ఎనిమిది పాచికల నిప్పు గోళం, గాలిలో ఎగరడం. పదమూడో స్థాయిలో కన్ను మూసి తెరిస్తే ఇంకో ఊరు. మనం విశాఖ నుంచి కొత్తవలస–కిరందుల్ లైను మీద పొద్దున్న బండెక్కి, ఎన్ని సొరంగాలు దాటామో లెక్క తప్పి, రాత్రికి ఇక్కడ దిగేవాళ్ళం. పదిహేడో స్థాయిలో 'విష్' అని ఒకటుంది. నోరు తెరిచి కోరుకోవడమే. ఆ వేళకి నేను ఇంకా మూడో దెబ్బ దగ్గరే ఉంటాను, నాలుగోదానికి అర్జీ పెట్టుకుని.

యోధుడు సరళరేఖలా పెరుగుతాడు, మాంత్రికుడు వర్గ సమీకరణంలా పెరుగుతాడు అని ఈ ఆట ఆడేవాళ్ళలో ఒక సామెత ఉంది. లెక్కల మాస్టారు లేకుండా చెప్పాలంటే ఒకరిది ఇంక్రిమెంటు, ఇంకొకరిది చక్రవడ్డీ.

దొంగ వేషం వేసిన నా దోస్తుదీ ఇదే గోడు. తాళం తియ్యడం వాడి వృత్తి, అందుకోసమే పుట్టాడు. ఒకసారి వాడు నడుముకి కట్టుకున్న సంచీలోంచి ఇనపచువ్వలు తీసి, చెవి తలుపుకి ఆనించి, పాచిక ఊదుకుంటూ ఉండగా మేనల్లుడు వెనకనుంచి 'నాక్' అన్నాడు. అది రెండో తరగతి మంత్రం. తాళం ఊడి కింద పడింది. కాకపోతే ఆ చప్పుడు మూడు వందల అడుగుల దాకా వినపడుతుందని పుస్తకంలో ఉంది, లోపలున్న వాళ్ళంతా లేచారు. మా వాడు చువ్వలు సంచీలో సర్దుకుంటూ "తో హమ్ ఘర్ జాయే క్యా?" అన్నాడు. ఆ మాటకి ఆ రాత్రి ఎవరమూ సరైన జవాబు చెప్పలేదు.

మా ఆవిడకి ఈ ఆట ఏ మాత్రం పట్టదు. బజ్జీలు పెడుతూ ఒకసారి గొడవేమిటని అడిగింది. అయిదు నిమిషాలు వివరించాను. "అంతేనా? పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర నిలబడి పప్పు వండింది నేను. చివర్న ఇంగువ తిరగమోత వేసింది మీ అమ్మ. అత్తయ్యగారి చేతి పప్పు ఎంత బావుందో అన్నది ఊరంతా" అని పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. ఈ విషయం మీద అమెరికాలో యాభై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు.

ఈ చిక్కు పుట్టుకలోనే ఉంది. ఆట 1974లో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు చేశారు. దానికి ముందు 1971లో గైగాక్స్ వాళ్ళదే 'చైన్‌మెయిల్' అని బొమ్మ సైనికులతో ఆడే యుద్ధం ఆట ఉండేది. అందులో మాంత్రికుడి నిప్పు గోళానికి పెద్ద రాళ్ళు విసిరే యంత్రం లెక్క, పిడుగుకి ఫిరంగి లెక్క. అంటే మాంత్రికుడు మొదటినుంచీ మనిషి కాడు, గడ్డం పెంచిన ఫిరంగి. తరవాత ఎవరికో ఆ ఫిరంగికి పేరుపెట్టి, టోపీ పెట్టి, మనతోపాటు నడిపిస్తూ మనలో ఒకడే అనిపించాలనిపించింది. అయినా పెద్దలకి భయముండేది. 1978 నాటి పుస్తకంలో మాంత్రికుడి ప్రాణం నాలుగు ముఖాల పాచికంత. మొదటి స్థాయిలో రోజంతటికీ ఒకటే మంత్రం. మంత్రం చదువుతుండగా ఎవడైనా గిల్లితే అది పోయినట్టే. మొదటి మెట్లెక్కడానికి యోధుడికన్నా ఎక్కువ అనుభవం పోగుచెయ్యాలి. 2000లో మూడో కూర్పు వచ్చి ఈ కళ్ళేల్లో చాలావాటిని ఊడబీకింది. 2008లో నాలుగో కూర్పు అందరికీ ఒకే కొలతన బలాలు పంచితే, అందరూ ఒకేలా ఉన్నారని జనం గోలపెట్టారు. సమానంగా వడ్డిస్తే హాస్టల్ భోజనం అంటారు, వడ్డించకపోతే పంక్తిభేదం అంటారు. 2014లో వచ్చిన అయిదో కూర్పు మధ్యేమార్గం పట్టింది. మేం ఆడేది అదే, మేనల్లుడు బాగుపడుతున్నదీ దాంట్లోనే.

మాంత్రికుడి మంత్రాలు అయిపోతాయి కదా, సమ్మెట అయిపోదు కదా అని ఆట పెద్దలు ఓదారుస్తారు. నిజమే. రోజుకి ఆరు నుంచి ఎనిమిది పోట్లాటలు పెడితే చివరికొచ్చేసరికి మాంత్రికుడు ఖాళీ అయిపోతాడని వాళ్ళ అంచనా. కానీ ఆ ఆరో పోట్లాట దాకా ఎవడు పోతాడు? మొదటి గది కాల్చగానే వీడు "మామయ్యా, పడుకుందాం" అంటాడు. ఎనిమిది గంటలు నిద్రపోతే మంత్రాలన్నీ మళ్ళీ వచ్చేస్తాయి. పొద్దుటి షిఫ్టుకి ఆరింటికి ఎక్కి, ఆరూ ఇరవైకి ఒక బోల్టు బిగించి, ఇక రేపు చూద్దాం సార్ అన్నట్టు. ఇరవై నాలుగు గంటల్లో ఒక్క నిద్రే పనికొస్తుందని పుస్తకం చెబితే, వీడు నిద్ర రాకపోయినా రేపటి దాకా గుహ గుమ్మంలో చతికిలబడి ఉందామంటాడు. లోకాన్ని కాపాడవలసిన వీరులు ముగ్గురు పొద్దున్న తొమ్మిదిన్నరకి దుప్పటి కప్పుకుని రేపటి కోసం ఎదురుచూస్తుంటారు.

పోయిన శనివారం ఇక ఊరుకోలేదు. నిప్పు గోళానికి కావలసిన సామగ్రి ఏమిటో చదివి వినిపించాను. చిన్న ఉండ గబ్బిలం పెంట, గంధకం.

"ఏదీ చూపించు" అన్నాను.

"సంచీలో ఉంటుంది మామయ్యా. పాతిక బంగారు నాణేలకి సంచీ కొనుక్కుంటే అన్నీ ఉన్నట్టే లెక్క."

ఉన్నట్టే లెక్క! ముప్ఫై ఏళ్ళుగా కాగితం మీద లేనిది ఉన్నట్టు లెక్క కాదని నేర్చుకున్నవాణ్ణి. గబ్బిలం పెంట ఎక్కడ దొరికిందిరా అన్నాను. గుహలో అన్నాడు. మనకు తెలిసిన గుహ కుటుంసర్. అది కాంగేర్ లోయ జాతీయ వనంలో ఉంది, అక్కణ్ణుంచి రాయి కూడా ఎత్తుకు రాకూడదు. సరే, ఏదో ప్రైవేటు గుహ అనుకుందాం. ఇండెంటు ఏదీ? వస్తువు వివరం ఎలా రాశావు? 'పెంట, గబ్బిలం, ఉండ, చిన్న' అని రాయాలి, లేకపోతే వెనక్కొస్తుంది. లెక్క ఉండల్లోనా, కిలోల్లోనా? మూడు కొటేషన్లు తీసుకున్నావా? ఒక్కడే అమ్ముతున్నాడంటే ఎందుకు ఒక్కడే అమ్ముతున్నాడో నోటు పెట్టాలి. వచ్చిన సరుకు గబ్బిలానిదే తప్ప పావురానిది కాదని సర్టిఫై చేసిందెవరు? ఆయన సంతకం ఏదీ?

ఇక్కడ నా డ్రిల్లు దోస్తు కూడా కలిశాడు. అంతదాకా నిద్రపోతున్నాడనుకున్నాను. పెంటలో ఉండేది నైట్రేటు, పక్కన గంధకం, ఇంత బొగ్గు కలిస్తే మందుగుండు అన్నాడు. ఆట రాసినవాళ్ళు నవ్వుకుంటూ పెట్టిన చమత్కారమే అది, కానీ మావాడు పేలుడు విషయంలో నవ్వడు. మందుగుండుకి లైసెన్సున్న మ్యాగజైన్ ఉండాలి. తాళం, తాళానికి మనిషి, మనిషికి రిజిస్టరు ఉండాలి. తెచ్చింది ఎంత, వాడింది ఎంత, మిగిలి తిరిగిచ్చింది ఎంత. పేల్చేవాడికి సర్టిఫికెట్టు. పేల్చేముందు సైరన్ మోగాలి. దారికి రెండువైపులా ఎర్రజెండాలు పట్టుకుని మనుషులు నిలబడాలి. పేలాక వెంటనే దూకకూడదు, పొగ పోవాలి, పేలకుండా మిగిలిన కన్నాలు ఉన్నాయేమో చూడాలి, ఆ తరవాత ఇంకో సైరన్. "ఎనిమిది గాబ్లిన్లలో ఒకటి పేలకుండా మిగిలిపోతే? ఎవరు వెళ్ళి చూడాలి?" అని నిలదీశాడు. గాబ్లిన్లు పేలవు, కాలతాయి అని మేనల్లుడు. అది ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు చెప్పు అని మావాడు.

పైగా గంధకం, పెంట, ఎగరడానికి పక్షి ఈక, ఇంకా ఏమేమో అన్నీ ఒకే సంచీలో! గనిలో ఎవడైనా ఇలా తిప్పితే వాణ్ణి కొండెక్కనివ్వరు. ఈ సంచీ నడుముకి కట్టుకుని వీడు నా వెనకే నడుస్తాడు. నేను పట్టుకున్న దివిటీ పక్కనే.

"ఇంకో మాట" అన్నాడు మావాడు, కొంచెం గొంతు తగ్గించి. "కన్నాలు రోజంతా వేసేది మేము. మీట నొక్కేది ఒక్క నిమిషం. ఊళ్ళో వాళ్ళకి వినపడేది ఆ ఒక్క నిమిషమే."

పదకొండైంది. కథ నడిపే కుర్రాడు ఆవలిస్తూ లేచాడు. ఆ శనివారం ఎవరూ ఒక్క పాచికైనా వెయ్యలేదు. నాకు మాత్రం మనసు తేలికపడింది.

ఇంటిముందు చెప్పులు వేసుకుంటుంటే కుర్రాడొకటి అన్నాడు: అంకుల్, మన కథల్లో మాత్రం మాంత్రికులకి బలం లేదా? ఉంది నాయనా, కానీ షరతుతో ఉంది. మాయల ఫకీరు ఎంతటివాడు! బాలనాగమ్మను కుక్కగా మార్చి పట్టుకుపోయాడు. కానీ వాడి ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. చిలక మెడ విరిస్తే ఫకీరు మెడ విరిగింది. మా మేనల్లుడికీ ఒక గుడ్లగూబ ఉంది, మంత్రంతో పిలిచింది. వారానికి రెండుసార్లు చస్తుంది. పది నాణేల సాంబ్రాణి, బొగ్గు, మూలికలు తగలేస్తే ఇంకోటొచ్చి వాలుతుంది. చిలకని తిరగేసి కుట్టారన్నమాట. ఈ దంతెవాడలో దంతేశ్వరి అమ్మవారి కథే చూడండి. ఓరుగల్లు నుంచి వచ్చిన అన్నమదేవుడి వెనక అమ్మవారు నడిచి వస్తానంది, ఎంత దూరం నడిస్తే అంత రాజ్యం, వెనక్కి తిరిగి చూడకూడదు. నది ఇసకలో గజ్జెల చప్పుడు ఆగింది, ఆయన తిరిగాడు, రాజ్యం అక్కడితో సరి. దేవతే వెంట ఉన్నా ఒక కట్టుబాటుంది.

వీటన్నిటికన్నా గట్టిది కురుక్షేత్రంలో ఉంది. ఆ రాత్రి పడుకుని దాని గురించే ఆలోచించాను. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి ఉంది, ఒక్కసారికే. అర్జునుడి కోసం దాచాడు. పొద్దుగూకగానే యుద్ధం ఆపి అందరూ పడుకుని లేచే పద్ధతి ఉన్నన్నాళ్ళు దాచుకోవడం సులువే. పద్నాలుగో రోజు సైంధవుడు పడ్డాక యుద్ధం ఆగలేదు. దివిటీలు వెలిగించి రాత్రి కూడా కొట్టుకున్నారు. నిద్ర లేదు. చీకట్లో రాక్షసుడికి బలం పెరుగుతుంది, ఘటోత్కచుడు విజృంభించాడు, కౌరవులు గగ్గోలు పెట్టారు, కర్ణుడికి వేరే దారి లేక ఆ ఒక్కటీ వాడేశాడు. కృష్ణుడు సంతోషించాడు. కథ నడిపేవాడంటే ఆయన! పడుకోనివ్వకుండా ఖాళీ చేయించాడు. ఇది మా కుర్రాడికి చెప్పాలి, పొద్దున్నే ఫోను చెయ్యాలి అనుకుంటూ నవ్వుకున్నాను.

నవ్వు మధ్యలో ఆగింది. ఆ లెక్క సరిచెయ్యడానికి పడిపోయింది ఎవరు? భీముడి కొడుకు. గద పట్టినవాడి కొడుకు.

1977లో ఈ కొండ మీది అయిదో డిపాజిట్ గని మొదలైన రోజుల్లో మా నాన్న విజయనగరం నుంచి ఒక ట్రంకుపెట్టెతో ఇక్కడ దిగాడు. నేను ఇక్కడే పానా పట్టాను. మేనల్లుడు మా ఇంట్లోనే ఎనిమిదో క్లాసు దాకా పెరిగాడు. ఆటలో వాడు మొదటి స్థాయిలో ఉన్నప్పుడు వాడి ప్రాణం ఎనిమిది. గట్టి ఎలుక రెండుసార్లు కరిస్తే పోయేవాడు. అయిదు నెలలు ప్రతి గుమ్మంలోనూ అడ్డంగా నిలబడింది సింహాచలమే. ఇప్పుడు వాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, వచ్చే బుధవారం బండి. మొదటి జీతం ఎంతో మా అక్క ఫోన్లో చెప్పింది. నా సర్వీసులో ఆ అంకెకి నేను ఎప్పుడు చేరానో మనసులో లెక్కవేసుకుని, బావుందే అక్కా అన్నాను. నిజంగానే బావుంది. చక్రవడ్డీ వాడిదైతే అసలు ఎవరిదో అని ఒక్కోసారి అడగబుద్ధేస్తుంది. మేనమామ అడగకూడదు.

నిన్న రాత్రి మళ్ళీ కూర్చున్నాం. గుహలో రెండో గది. లోపల రాక్షసుడు, ప్రాణం యాభై తొమ్మిది. నిద్ర లేదని కుర్రాడు తేల్చేశాడు, కురుక్షేత్రం పనిచేసింది. మేనల్లుడి దగ్గర పెద్ద మంత్రం ఒక్కటే మిగిలింది. ఇంకో నిప్పు గోళం అనుకుని మొహం తిప్పుకున్నాను.

"మామయ్యా, ఇది నీ మీద వేస్తున్నా" అన్నాడు. హేస్ట్. మనిషికి వేగం రెట్టింపు, వంతుకి ఇంకో దెబ్బ. వేసినవాడు మనసు చెదరకుండా పట్టుకుని ఉన్నంతసేపే పనిచేస్తుంది.

"సామగ్రి?" అన్నాను, అలవాటు చొప్పున.

వాడు నోటుబుక్కు తీశాడు. స్కేలుతో గళ్ళు గీసి ఉన్నాయి: తేదీ, వస్తువు, పరిమాణం, వాడకం, సంతకం. పైన 'పెంట, గబ్బిలం, ఉండ, చిన్న – 1 (ఒకటి మాత్రమే)' అని పాత బాకీ కూడా రాసి ఉంది. ఈ మంత్రానికి అతిమధురం వేరు ముక్క కావాలట. మా ఆవిడ దగ్గు మందుల డబ్బా తెచ్చి, చాకుతో గీకి ఒక పీలిక బల్ల మీద పెట్టింది. నేను సంతకం చేశాను. దోస్తు సాక్షి సంతకం చేశాడు. సైరన్ కూడా నోటితో ఊదాడు.

ఇక ఆపేదెవరు? మూడు దెబ్బలు! పదకొండో స్థాయిలో రావలసిన మూడో దెబ్బ చేతికొచ్చింది. గుమ్మం దగ్గర్నుంచి ఒక్క ఉరుకున హాలు దాటి రాక్షసుడి మీద పడ్డాను. మూడూ తగిలాయి. ముప్ఫై నాలుగు. బజ్జీల పళ్ళెం ఎగిరింది. మళ్ళీ నా వంతొస్తే వాడు ఉండడు.

నా వంతుకి ముందు, నేను వదిలేసి వచ్చిన గుమ్మంలోంచి ఒక గాబ్లిన్ తొంగిచూసింది. ఎక్కడ నక్కిందో. బాణం మేనల్లుడి భుజంలో దిగింది. మనసు నిలబెట్టుకోవడానికి పది కావాలి. పాచిక నాలుగు చూపించింది. మంత్రం తెగింది. హేస్ట్ తెగితే అది మోసినవాడు ఒక వంతంతా కదలలేడు, చెయ్యెత్తలేడు. పుస్తకంలో ఉంది, నేను చదవనిది అదొక్కటే.

సమ్మెట ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. కుర్రాడు రాక్షసుడి పాచికలు చేతిలోకి తీసుకున్నాడు.

"అదేటి మామయ్యా" అన్నాడు మేనల్లుడు, భుజం నిజంగానే నొప్పెడుతున్నట్టు పట్టుకుని. "నువ్వెప్పుడూ గుమ్మంలోనే ఉంటావు కదా."